జడ వేసుకునేవాళ్లకి ఏ లేయర్ కట్? యూ, వీ, స్టెప్, లాంగ్ లేయర్స్ మధ్య ఎంపిక

సంక్రాంతికి పది రోజుల ముందు నుంచీ మా ఇంటి వరండాలో కుర్చీ ఖాళీగా ఉండదు. రాజోలు దగ్గర పల్లెటూళ్లో ఇంట్లోనే చిన్న పార్లర్ పెట్టుకుని 14 ఏళ్లయింది. హైదరాబాద్, బెంగళూరు నుంచి పండక్కి దిగిన ఆడపిల్లలు ఫోన్‌లో ఒక ఫోటో తెరిచి పట్టుకుని వస్తారు. "ఇదిగో అక్కా, అచ్చం ఇలా కావాలి" అంటారు. ఫోటోలో అమ్మాయి జుట్టు విరబోసుకుని, పక్కకి తిరిగి నవ్వుతూ ఉంటుంది. నేను ఆ ఫోటో చూసి, పక్కన పెట్టి, ఒకటే అడుగుతాను: "రోజూ జుట్టు ఎలా ఉంచుకుంటావమ్మా?"

"జడే కదక్కా. ఎప్పుడైనా క్లచ్చర్ పెడతాను."

అసలు సమస్యంతా అక్కడే ఉంది. విరబోసుకున్న జుట్టు కోసం పుట్టిన కటింగ్‌ని జడ వేసుకునే తల మీద పెడతాం. పెట్టిన రోజు బావుంటుంది. మర్నాడు నూనె రాసి జడ అల్లేసరికి చెవుల పక్క నుంచి, మెడ మీద నుంచి, జడ మధ్యలోంచి చివర్లు కంపలా పొడుచుకొస్తాయి. అందుకని ఏ కట్ మంచిది అనే ముందు, మీ జుట్టు రోజులో ఎక్కువసేపు ఎలా ఉంటుందో తేల్చుకోండి. ఈ రాసేదంతా ముఖ్యంగా జడ వాళ్ల కోసం. ఎప్పుడూ విరబోసుకునే వాళ్లకి ఇంత లెక్క అక్కర్లేదు, వాళ్లకి దాదాపు ఏదైనా నప్పుతుంది.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. యూ కట్, వీ కట్, స్ట్రెయిట్ కట్ అనేవి జుట్టు కింది అంచు ఆకారాలు. వీపు మీద పరిచినప్పుడు అడుగున గీత ఎలా కనిపిస్తుందన్నదే వాటి సంగతి. లేయర్లంటే వేరు. లోపలి పాయలు ఒకదాని కంటే ఒకటి పొట్టిగా ఉండటం. యూ అంచు ఉంచుకుని లోపల లేయర్లు తీయించుకోవచ్చు, తీయించుకోకపోవచ్చు కూడా. రెండూ వేర్వేరు నిర్ణయాలు. పార్లర్‌కి వెళ్లి "యూ కట్ చెయ్యండి" అని, ఇంటికొచ్చాక "లేయర్లు రాలేదేంటి" అని బాధపడినవాళ్లని చాలామందిని చూశాను.

అంచు విషయం తొందరగా చెప్పేస్తాను. జడ కిందికి వెళ్లే కొద్దీ ఎలాగూ సన్నబడుతుంది. దానికి తోడు వీ కట్ చేయిస్తే చివరి జానెడూ ఎలక తోకలా అయిపోతుంది. జుట్టు బాగా ఒత్తుగా ఉండి, జడ కింద కుంచెలా లావుగా ఉంటోందని ఇబ్బంది పడేవాళ్లకి తప్ప వీ కట్ నేను చెప్పను. పల్చటి జుట్టుకి స్ట్రెయిట్ కట్ మంచిది, జడ చివరి దాకా నిండుగా కనిపిస్తుంది. ఈ రెంటికీ మధ్యది యూ. ఏదీ తోచనప్పుడు యూ చేయించుకోండి, తప్పు పోదు.

ఇక లేయర్లు. మా వైపు పార్లర్లలో వినిపించే పేర్లు మూడు: స్టెప్ కట్, ఫెదర్ కట్, లాంగ్ లేయర్స్. పేర్లు ఒక్కో పార్లర్‌లో ఒక్కోలా వాడతారు కాబట్టి పేరు కంటే పని చూడాలి.

స్టెప్ కట్‌లో మెట్లు మెట్లుగా తేడా కంటికి కనిపించాలి. చెవి దగ్గరో గడ్డం దగ్గరో ఒక మెట్టు, భుజం మీద ఇంకోటి, వీపు మధ్యలో మరోటి. ఒత్తుగా, సాఫీగా ఉన్న జుట్టు మీద, డ్రైయర్ పట్టి దువ్వినప్పుడు చాలా అందంగా ఉంటుంది. ఆ అందం కోసం రోజూ పావుగంట పెట్టగలిగితే చేయించుకోండి. జడ వేసుకుంటే మాత్రం ప్రతి మెట్టూ ఒక చోట బయటికొస్తుంది. నూనె రాస్తే మెట్ల చివర్లు దారాల్లా అతుక్కుని వేలాడతాయి.

ఫెదర్ కట్‌లో చివర్లని ఈకలా పల్చన చేస్తారు, కొందరు రేజర్‌తో, కొందరు పళ్ల కత్తెరతో. ఇది పొడి వాతావరణంలో ఉన్నంత బాగా మన గోదావరి జిల్లాల్లో నిలబడదు. కాలువలు, చేలు, చెరువులు, ఇటుపక్క సముద్రం. గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది. వెంట్రుక ఆ తడిని పీల్చుకుంటుంది, లోపల దాన్ని ఒక ఆకారంలో పట్టి ఉంచే బంధాలు సడలుతాయి, ఉబ్బుతుంది, పొద్దున్న చేసుకున్న సెట్టింగ్ మధ్యాహ్నానికి పోతుంది. చివర్లు ఎంత పల్చగా ఉంటే ఈ ఉబ్బు అంత కనిపిస్తుంది. కొద్దిగా అల ఉన్న జుట్టయితే మరీను. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే అమ్మాయిలకి రేజర్ పని నేను అసలు చెయ్యను. అడిగినా నచ్చజెప్పి పంపిస్తాను.

లాంగ్ లేయర్స్ అంటే తేడాలు ఉంటాయి కానీ అన్నిటికంటే పొట్టి పాయ కూడా పొడుగ్గానే ఉంటుంది. మెట్లు కనిపించవు, జుట్టు జారినట్టుంటుంది. లోపలి బరువు తగ్గుతుంది. జడ వేసుకునేవాళ్లకి నేను మనస్ఫూర్తిగా చెప్పే కట్ ఇదే. వానాకాలంలో ఒత్తు జుట్టు వాళ్ల పాట్లు మీకు తెలియనివి కావు. పొద్దున తలంటుకుంటే సాయంత్రానికి కూడా మెడ దగ్గర ఆరదు, సాంబ్రాణి పొగ వేసినా లోపల తడిగానే ఉంటుంది. లోపల లేయర్లు తీస్తే బరువు తగ్గి గాలి ఆడుతుంది, త్వరగా ఆరుతుంది. అందం మాట ఎలా ఉన్నా ఈ ఒక్క సుఖం కోసమే చేయించుకునే గృహిణులు నా దగ్గర ఉన్నారు.

అయితే "లాంగ్" అంటే ఎంత? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. దీనికి నేను వాడే లెక్క చెప్తాను, అద్దం ముందు నిలబడి చేసి చూడండి.

పాపిడి పక్కన, నుదుటి మీది నుంచి సన్నటి పాయ ఒకటి తీసుకోండి. జడ వేసుకునేటప్పుడు ఎలా వెనక్కి లాగుతారో అలాగే చెవి మీదుగా మెడ వెనక్కి, జడ మొదలయ్యే చోటికి తీసుకెళ్లండి. అక్కడ వేలితో పట్టుకోండి. ఆ వేలి దగ్గర నుంచి ఇంకో జానెడు కొలిచి, అక్కడ చిన్న రబ్బర్ బ్యాండు వెయ్యండి. ఇప్పుడు పాయని ముందుకి వదిలెయ్యండి. బ్యాండు ఎక్కడ ఆగిందో చూడండి. చాలామందికి గుండెల మీద ఆగుతుంది. మీ పొట్టి లేయరు అంతకంటే పైకి రాకూడదు.

ఎందుకంటే నుదుటి దగ్గర వెంట్రుక జడలోకి చేరడానికే దాదాపు 25 సెంటీమీటర్లు ఖర్చవుతుంది. ఆ తర్వాత కనీసం జానెడు, అంటే 20 సెంటీమీటర్లు, జడలో అల్లుకుంటేనే అది అక్కడ నిలుస్తుంది. మొత్తం 45. ఇప్పుడు గడ్డం దగ్గర ఆగే లేయరు సంగతి చూడండి. దాని పొడవు సుమారు 20 సెంటీమీటర్లే. అది మెడ దాకానే రాదు, ఇక జడలోకి ఏం వెళ్తుంది? రోజంతా చెవి మీద, చెంప మీద పడుతూ ఉంటుంది, పిన్ను పెట్టుకుంటూ ఉండాల్సిందే. పొరపాటు తెలిశాక సరిచేసుకోవడం కూడా తేలిక కాదు. జుట్టు నెలకి 1 సెంటీమీటరు పైచిలుకు, ఏడాదికి సుమారు 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. గడ్డం దాకా తెగిన పాయ మళ్లీ జడలో ఇమడాలంటే ఏడాదిన్నర పైనే ఆగాలి.

ఈ లెక్క నాకు మా చెల్లెలి పెళ్లి నేర్పింది. అప్పటికి నేను ఈ పనిలోకి రాలేదు. పెళ్లికి రెండు నెలల ముందు అది పట్నంలో ఒక పార్లర్‌లో స్టెప్ కట్ చేయించుకొచ్చింది. మొదటి మెట్టు చెవి కింద. పెళ్లికి కడియపులంక పూల మార్కెట్ నుంచి పూలజడ తెప్పించాం, మల్లెలూ కనకాంబరాలూ కలిపి కట్టింది, చాలా బరువు. సవరం పెట్టి గట్టిగా అల్లి దాని మీద ఆ పూలజడ కట్టాలి. అల్లుతుంటే ఒక పక్క పాయ లోపలికి తోస్తే ఇంకో పక్క ఊడుతోంది. మా మేనత్త నోట్లో పిన్నులు పట్టుకుని ఒక్కొక్కటీ గుచ్చుతూ, "ఏవే, పెళ్లి పెట్టుకుని జుట్టు మీద ఈ ప్రయోగాలేంటే" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి చెల్లెలి ఎడమ చెవి పక్క పాయ ఊడి బాసికం దారంలో చిక్కుకుంది. దాన్ని విడదీస్తుంటే నా చేతులు వణికాయి. ఆ ఫోటో ఇప్పటికీ ఆల్బమ్‌లో ఉంది.

కాబట్టి పెళ్లి కుదిరిన అమ్మాయిలకి నా మాట ఒకటే. ముహూర్తం పెట్టుకున్నాక కొత్త కటింగ్ ఏదీ వద్దు. చివర్లు చిట్లి ఉంటే ఒక అంగుళం సాఫు చేయించుకోండి, అంతే. రిసెప్షన్‌లో విరబోసుకోవాలని ఉంటే లాంగ్ లేయర్స్ చాలు. కర్లింగ్ ఐరన్‌తో చివర్లు తిప్పితే ఎన్ని లేయర్లున్నాయో ఎవరికీ తెలియదు.

జుట్టు రకాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. ఒత్తు జుట్టు గురించి చెప్పాను. పల్చటి జుట్టు వాళ్లు లేయర్లు తీస్తే నిండుగా కనిపిస్తుందని వింటారు. నడినెత్తి మీద కాస్త ఎత్తుగా కనిపించే మాట నిజమే, కానీ అది పొట్టి జుట్టుకి బాగా పనిచేస్తుంది. నడుము దాకా ఉన్న పల్చటి జుట్టులో లేయర్లు తీస్తే కింద మిగిలేది ఇంకా పల్చబడుతుంది. వాళ్లకి స్ట్రెయిట్ అంచు, ముందు వైపు రెండు మూడు పాయలు మాత్రం కొద్దిగా పొట్టి. అంతకు మించి వద్దు.

ఉంగరాల జుట్టు వాళ్లకి ఒక జాగ్రత్త తప్పనిసరి. తడిగా ఉన్నప్పుడు వెంట్రుక సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక ముడుచుకుంటుంది. తడి మీద గుండెల దాకా కొలిచి కత్తిరిస్తే ఆరేసరికి భుజం మీదికి పోతుంది. ఉంగరాలు గట్టిగా ఉంటే పొడి జుట్టు మీదే కత్తిరించమని అడగండి. తడి మీదే చేస్తామంటే నాలుగు వేళ్ల పొడవు ఎక్కువ వదలమనండి. మొత్తం ఒకే పొడవుంటే ఉంగరాల జుట్టు పైన అణిగి కింద గొడుగులా విచ్చుకుంటుంది. దానికి లేయర్లు నిజంగా మేలు చేస్తాయి, పొట్టి పాయ లెక్క మాత్రం తప్పకూడదు.

ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పిలక కట్టి కత్తిరించే పద్ధతి వీడియోల్లో అందరూ చూస్తున్నారు. చేసుకోవచ్చు. కానీ పిలక ఎక్కడ కడితే ఏమవుతుందో తెలిసి చెయ్యాలి.

జుట్టంతా ముందుకి దువ్వి నుదుటి పైన, పాపిడి మొదట్లో పిలక కడితే ముందు జుట్టు బాగా పొట్టిగా, వెనక జుట్టు పొడుగ్గా వస్తుంది. ముఖం చుట్టూ లేయర్లు కావాలనుకునేవాళ్ల పద్ధతి ఇది. మెడ దగ్గరి వెంట్రుక తల మీదుగా నుదుటి దాకా రావడానికే జానెడున్నర దూరం నడుస్తుంది కదా, ఆ దూరమంతా దానికి పొడవుగా మిగిలిపోతుంది. అంత పొడవు లేని వెనక వెంట్రుకలు కత్తెర దాకా రానే రావు, వాటికి ఏమీ కాదు. ఈ పద్ధతిలో కత్తెర పెట్టే ముందు పిలకని ముఖం మీదుగా కిందికి వదిలి చూడండి. మీరు కొయ్యబోయే చోటు ముఖం మీద ఎక్కడ వాలుతుందో, ముందు పాయ సరిగ్గా అక్కడే ఆగుతుంది. ముక్కు దగ్గర వాలుతుంటే చెయ్యి ఆపండి!

అదే పిలక నడినెత్తి మీద కడితే లెక్క మారుతుంది. నడినెత్తి వెంట్రుకలు అన్నిటికంటే పొట్టిగా వస్తాయి, ముందు జుట్టుకీ మెడ దగ్గరి జుట్టుకీ పొడవు మిగులుతుంది. నడినెత్తి నుంచి జడ మొదలుకి దూరం తక్కువ కాబట్టి ఆ పొట్టి పాయలు కూడా జడలో చక్కగా ఇమిడిపోతాయి. జడ వాళ్లు ఇంట్లో చేసుకోవాలంటే నడినెత్తి పిలకే మేలు. బ్యాండు దగ్గర నుంచి కనీసం 45 సెంటీమీటర్లు వదిలి, ఆ కింద రెండో బ్యాండు వేసి, దాని కిందే కొయ్యండి. పిలక అంత పొడవు లేకపోతే మీ జుట్టు ఇంకా లేయర్లకి సిద్ధంగా లేదన్నమాట, కొన్నాళ్లు ఆగండి.

బట్టల కత్తెర మాత్రం వాడొద్దు. పదునుగా ఉన్నట్టే ఉంటుంది కానీ వెంట్రుకల్ని తోసేస్తుంది, నలిపి కోస్తుంది, ఆ నలిగిన చోట చివర్లు చిట్లడం మొదలవుతుంది. చిట్లిన చివర మళ్లీ అతుక్కోదు, పైకి పాకుతుంది. జుట్టు కత్తిరించడానికే చేసిన ఐదున్నర లేదా ఆరు అంగుళాల కత్తెర ఒకటి కొనుక్కుని, దానితో ఇంకేమీ కొయ్యకుండా దాచుకోండి. పిలకని అడ్డంగా ఒక్క వేటున తెంచకుండా, కత్తెర మొనని నిలువుగా పెట్టి చిన్న చిన్నగా కత్తిరిస్తూ పొండి. అనుకున్న దానికంటే రెండు వేళ్లు కిందే మొదలుపెట్టండి. తల నిటారుగా ఉండాలి, పిలక సరిగ్గా మధ్యలో ఉండాలి. వేలెడు పక్కకి జరిగినా ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి.

ఈ పిలక పద్ధతికీ పార్లర్ పనికీ తేడా ఏమిటంటే, అక్కడ జుట్టుని భాగాలుగా విడదీసి, ఒక పాయని కొలతగా కత్తిరించి, మిగతా పాయల్ని దాని పక్కన పెట్టి ఎత్తి పట్టుకుని కోస్తాం. ఎంత ఎత్తి పడితే లేయరు అంత ఎక్కువ. కిందికి వేలాడదీసి కోస్తే లేయరు రాదు, ఒకే అంచు వస్తుంది. తలకి అడ్డంగా, 90 డిగ్రీల్లో చాచి పట్టుకుంటే తల చుట్టూ ఒకే పొడవు వస్తుంది. ఇంకా పైకి, నిట్టనిలువుగా లాగి కోస్తే పైన పొట్టి, కింద బాగా పొడుగు. లాంగ్ లేయర్స్‌కి చేసేది ఇదే. మీ జుట్టు రెండు పక్కలా ఒకేలా పెరగకపోయినా, ఒక చోట సుడి ఉన్నా, ఒక చోట రాలి పల్చబడినా పిలక పద్ధతి దాన్ని పట్టించుకోదు. భాగాలుగా తీసి చేసే చెయ్యి పట్టించుకుంటుంది. అందుకే మొదటిసారి లేయర్లు మాత్రం ఎవరైనా తెలిసినవాళ్ల చేత చేయించుకోమంటాను. ఆ ఆకారం ఒకసారి కుదిరాక, మధ్యలో చివర్లు సరిచేసుకోవడం ఇంట్లోనే అవుతుంది.

అసలు ఇప్పుడు వద్దు అని నేను తిప్పి పంపేవాళ్లు కొందరున్నారు. ద్వారకా తిరుమలలోనో తిరుపతిలోనో తలనీలాల మొక్కు ఉన్నవాళ్లు, ముందు ఆ మొక్కు తీర్చుకోండి. పురుడయ్యాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని టెన్షన్‌తో వచ్చే బాలింతలు కూడా. కాన్పయిన రెండు మూడు నెలలకి రాలడం మొదలై, చాలామందికి ఏడాది తిరిగేలోపు మళ్లీ సర్దుకుంటుంది. రాలుతున్నప్పుడు లేయర్లు తీస్తే, కొత్తగా మొలిచే పొట్టి వెంట్రుకలూ ఈ లేయర్లూ కలిసి తల అస్తవ్యస్తంగా ఉంటుంది. ఇక మూడో రకం చిన్న పిల్లలు. రిబ్బన్లతో రెండు జడలు వేసుకుని బడికి పోయే పిల్లకి లేయర్లెందుకు? పైగా వేసవిలో మల్లెపూల జడ కుట్టి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయించని ఇల్లు మా వైపు అరుదు. ఆ జడ నిలవాలంటే పిల్ల జుట్టు ఒక్క పొడవున ఉండాలి.

నీళ్ల సంగతి కూడా ఎంపికలో లెక్కలోకి తీసుకోండి. వేసవిలో కాలువలు కట్టేశాక సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే దిక్కు, అవి చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో తలంటుకుంటే జుట్టు బిరుసెక్కుతుంది, చిక్కు పడుతుంది. లేయర్లున్న జుట్టుకి చివర్లు ఒకే చోట కాక నాలుగైదు చోట్ల ఉంటాయి కాబట్టి చిక్కు మరింత. ఆ నెలల్లో సబ్బు తల మీద పెట్టొద్దు, ఉప్పు నీళ్లలో అది విరిగి తెట్టులా వెంట్రుకలకి పట్టేస్తుంది. కుంకుడుకాయకి ఆ బాధ లేదు. మీ ఊళ్లో నీళ్లు అలాంటివైతే కటింగ్ ఎండాకాలం మొదట్లో కాక, కాలువలు వదిలాక చేయించుకుంటే సుఖపడతారు. మంగళవారం, శుక్రవారం కత్తెర పట్టనివ్వరు మా పెద్దవాళ్లు, దీపాలు పెట్టాక అసలే కాదు. అందుకే నా దగ్గర రద్దీ అంతా ఆదివారం పొద్దుటే. ఆ రద్దీలో కాకుండా బుధవారమో గురువారమో వస్తే మీ పొట్టి పాయ కొలిచి చూడటానికి చేసేవాళ్లకీ తీరిక ఉంటుంది.

కుర్చీలో కూర్చున్నాక కట్ పేరు చెప్పకండి. ఇంటి దగ్గర కొలుచుకున్న ఆ పాయని బ్యాండుతో సహా ముందుకి తీసి, "దీనికంటే పైకి ఏదీ రాకూడదండి" అని వేలితో చూపించండి. తర్వాత "మొదటి పాయ కోశాక నాకు చూపించి మిగతాది చెయ్యండి" అనండి. చూపిస్తే, దాన్ని అక్కడే మెడ వెనక్కి లాగి చూసుకోండి. జానెడు మిగిలితే సరేనని చెప్పండి.